తడవని నేల: క్లోమంలోని కణితిని సీటీ స్కాన్ పట్టుకునే తీరు

“కడుపునొప్పికి తీసిన సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు. కొన్ని నెలల తరవాత తీసినదానిలో క్లోమంలో కణితి ఉందన్నారు. మొదటిసారి అది ఎక్కడ దాక్కుంది?” అని ఒక పాఠకుడు అడిగారు. అప్పటికి కణితి మరీ చిన్నదై ఉండవచ్చు. అయితే చెప్పుకోదగ్గ పరిమాణంలో ఉండి కూడా కనబడకపోవడానికి వీలుంది. ఆసక్తికరమైన సంగతి అదే.

సీటీ బొమ్మలోని నలుపు తెలుపులు నిజానికి ఏ చోటు ఎక్స్-కిరణాలను ఎంత మింగిందో చెప్పే హౌన్స్‌ఫీల్డ్ కొలమానంలోని అంకెలు: నీటికి సున్నా, గాలికి మైనస్ 1000. మందు ఎక్కించకుండా తీస్తే క్లోమానికీ, అందులోని కణితికీ అంకెలు దాదాపు ఒకటిగానే వస్తాయి కనుక, అయోడిన్ కలిగిన ద్రవాన్ని మందుగా సిరలోకి ఎక్కిస్తారు. అది చేరిన చోటు తెల్లగా కనిపిస్తుంది.

ఈ మందు చేరడాన్ని పొలానికి నీరు పెట్టడంగా ఊహించుకోండి. రక్తనాళాలు దండిగా ఉన్న క్లోమం గుల్లగా దున్నిన నేల వంటిది. నీరు అందగానే పీల్చుకుంటుంది. క్లోమంలో ఎక్కువగా వచ్చే కాన్సర్ తన చుట్టూ గట్టి నారకణజాలాన్ని పేర్చుకుంటుంది, దాని ఒత్తిడికి లోపలి రక్తనాళాలు నలిగిపోతాయి. అది గడ్డకట్టిన నేల, నీరు ఆలస్యంగా, కొద్దికొద్దిగా ఇంకుతుంది. మడవ తీసిన వెంటనే చూస్తే పొలమంతా పొడిగానే ఉంటుంది. చాలాసేపు ఆగితే గుల్లనేల ఆరుతూ, గట్టినేల నెమ్మదిగా తడుస్తూ తేడా తగ్గిపోతుంది. తేడా కొట్టొచ్చినట్లు కనిపించే గడియ మందు ఎక్కించడం మొదలుపెట్టిన 40 నుంచి 50 సెకన్ల మధ్య వస్తుంది. గుండె వేగాన్ని బట్టి ఇది అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళమైన బృహద్ధమనిలో అంకె పెరగడాన్ని కనిపెట్టి యంత్రం లెక్క మొదలుపెడుతుంది. పొట్టకు మామూలుగా తీసే స్కాన్ మాత్రం 70 సెకన్ల ప్రాంతంలో, కాలేయానికి అనువైన వేళకు తీస్తారు. పాఠకుడి ప్రశ్నకు జవాబులో ఒక భాగం ఇక్కడే ఉంది. హార్మోన్లు తయారుచేసే కణాల నుంచి పుట్టే కణితులు చాలావరకు ఇందుకు తలకిందులు: క్లోమం కంటే ముందే, ఎక్కువగా తడిసి తెల్లగా మెరుస్తాయి.

వేళ కుదిరినా దాదాపు పదింటిలో ఒక కాన్సర్ క్లోమం రంగులోనే కలిసిపోతుంది. అక్కడ రెండు వేర్వేరు శక్తుల ఎక్స్-కిరణాలతో తీసే ‘రెండు శక్తుల సీటీ’ ఆదుకుంటుంది. అయోడిన్ పరమాణువులో అన్నిటికంటే లోపలి ఎలక్ట్రాన్లను ఊడబెరకడానికి 33.2 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. ఎక్స్-కిరణం శక్తి దీనికి కాస్త పైన ఉన్నప్పుడు అయోడిన్ దాన్ని విపరీతంగా మింగుతుంది, మెత్తని కణజాలం అంతగా మింగదు. ఎక్స్-కిరణాల గొట్టానికి ఒకసారి 80, ఒకసారి 140 కిలోవోల్టులు ఇచ్చి ఒకే చోటును కొలిస్తే రెండు సమీకరణాలు దొరుకుతాయి; వాటిని సాధించి, 40 నుంచి 50 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాలతోనే తీసినట్లుండే బొమ్మను లెక్కగట్టవచ్చు. బొమ్మలో గరుకుదనం పెరుగుతుంది కానీ, తడిసిన నేలకూ తడవనిదానికీ తేడా ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. 2021లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన ఫోటాన్ లెక్కింపు సీటీ, ఎక్స్-కిరణాల్లోని ఒక్కొక్క ఫోటాన్‌నూ (శక్తి రేణువునూ) దాని శక్తిని బట్టి విడిగా లెక్కిస్తుంది.

ఇన్ని చేసినా రంగు తేడా దొరకనప్పుడు రేడియాలజిస్టు కణితిని వదిలి కాలువను వెతుకుతారు. క్లోమనాళం ఒకచోట ఉన్నట్టుండి తెగిపోయి, దాని ఎగువ భాగం ఉబ్బి ఉంటే, అడ్డుకట్ట కంటికి కనబడకపోయినా అది ఎక్కడ ఉందో తెలిసిపోతుంది. తరవాత కాన్సర్ బయటపడిన వారి పాత స్కాన్లను తిరిగి తెరిచినప్పుడు, కొన్నిటిలో ఆ ఉబ్బు అప్పటికే ఉన్నట్టు కనిపిస్తుంది.