కంచు నావికుడి అసలు వయసెంత? సముద్రయాత్రికుల స్మారకాలపై అపోహలు - వాస్తవాలు

రాతి, కంచు స్మారకాలను బాగుచేయడం నా వృత్తి. అందులోనూ ఎక్కువ పని రేవుల దగ్గర, ఉప్పు గాలి నేరుగా తగిలే చోట్ల నిలబెట్టిన నావికుల విగ్రహాలతో, స్తంభాలతో. పరంజా మీద మేం పనిచేస్తుంటే కింద ఆగి చూసేవాళ్లు ఎక్కడైనా ఇంచుమించు అవే ప్రశ్నలు అడుగుతారు. ఈయన నిజంగా ఇలాగే ఉండేవాడా? సమాధి దీని కిందేనా? ఈ పచ్చదనమంతా వదలగొడతారా? వాటికి లోకంలో చెలామణీ అవుతున్న జవాబులు చాలావరకు తప్పు. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఒకటే: యాత్ర ఏ సంవత్సరంలో జరిగిందో తర్వాత చూద్దాం, స్మారకాన్ని ఏ సంవత్సరంలో, ఎవరు, దేనితో కట్టారో ముందు తేల్చండి. ఈ కింది అపోహల్లో సగం ఆ సంగతి తేల్చుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: అంత గంభీరంగా ఉందంటే ఆ నావికుల కాలంలో కట్టిందే అయి ఉంటుంది.

వాస్తవం: లిస్బన్‌లో తేజో నది ఒడ్డున, ఓడ ముందుభాగం ఆకారంలో నిలిచిన అన్వేషణల స్మారకాన్నే తీసుకోండి. దాన్ని మొదట 1940లో పోర్చుగల్ ప్రపంచ ప్రదర్శన కోసం తాత్కాలికంగా నిలబెట్టారు. లోపల ఇనుప చట్రం, పైన సిమెంటు, ప్లాస్టర్. రూపకల్పన వాస్తుశిల్పి కొత్తినెల్లి తెల్మోది, బొమ్మలు శిల్పి లియొపోల్దో ద అల్మైదావి. ప్రదర్శన ముగిశాక 1943లో విప్పేశారు. ఇప్పుడు మనం చూస్తున్నది 1960లో, పోర్చుగల్ రాకుమారుడు హెన్రీ మరణించి 500 ఏళ్లయిన సందర్భంగా, కాంక్రీటుతోనూ రాతితోనూ తిరిగి కట్టినది. రెండుసార్లూ అధికారంలో ఉన్నది నియంత సలజార్ ప్రభుత్వమే. 1960 నాటికి ఆఫ్రికాలో వలసరాజ్యాలు ఇంకా పోర్చుగల్ చేతిలోనే ఉన్నాయి. మరుసటి ఏడాదే అంగోలాలో యుద్ధం మొదలైంది. పదిహేనో శతాబ్దపు నావికులను అంత ఎత్తున నిలబెట్టవలసిన అవసరం పదిహేనో శతాబ్దానిది కాదు. పైగా ఓడ కొమ్మున అందరికంటే ముందు నిలబడిన హెన్రీ పేరుకే 'నావికుడు'. యాత్రలు చేయించాడు తప్ప, ఉత్తర ఆఫ్రికా దాటి తాను ఎక్కడికీ వెళ్లలేదు.

అదే 1940లో భూగోళానికి రెండో కొసన వెల్లింగ్టన్‌లోనూ ఇలాంటిదే జరిగింది. న్యూజిలాండ్ శతాబ్ది ప్రదర్శన కోసం శిల్పి విలియం ట్రెథెవీ పాలినీసియా నావికుడు కూపే బొమ్మల సమూహాన్ని ప్లాస్టర్‌తో చేశాడు. ప్రదర్శనలకు చేసే ప్లాస్టర్ బొమ్మ ఆర్నెల్లు నిలిస్తే గొప్ప. ఇది మాత్రం ఒకచోట నుంచి మరోచోటికి మారుతూ దశాబ్దాలు గడిపింది. చివరికి 1999లో కంచు పోత పోశారు. ఇప్పుడు వెల్లింగ్టన్ రేవు ఒడ్డున ఉన్నది ఆ పోతే. దాని వయసు ఎంతని చెప్పాలి? మావాళ్లు రెండు తేదీలూ రాస్తారు. బొమ్మ చేసినది ఒకటి, లోహం పోసినది ఇంకొకటి.

ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో, వెయ్యేళ్ల కిందటి నార్స్ నావికుడు లీఫ్ ఎరిక్సన్ విగ్రహాన్ని చూసినవాళ్లు, వెనకున్న పెద్ద చర్చికి అలంకారంగా పెట్టారనుకుంటారు. విగ్రహమే ముందు వచ్చింది. ఐస్‌లాండ్ శాసనసభకు వెయ్యేళ్లు నిండిన సందర్భంగా 1930లో అమెరికా ఇచ్చిన కానుక అది. చర్చి పని 1945లో మొదలై 1986లో ముగిసింది.

అపోహ: విగ్రహంలో కనిపించేది ఆ మనిషి అసలు ముఖమే.

వాస్తవం: కొలంబస్ బతికుండగా ఆయనను ఎదురుగా కూర్చోబెట్టి గీసినట్టు రుజువైన బొమ్మ ఒక్కటీ లేదు. పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపించేది సెబాస్టియానో దెల్ పియొంబో చిత్రం. దానిమీద ఉన్న తేదీ 1519. కొలంబస్ చనిపోయింది 1506లో. లీఫ్ ఎరిక్సన్, కూపేల సంగతి చెప్పనక్కరలేదు. బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్‌ది వేరే కథ: నతానియెల్ డాన్స్ 1776లో ఆయనను చూసే చిత్రించాడు. కాబట్టి కుక్ విగ్రహం పోలికలో తేడా వస్తే శిల్పిని నిలదీయవచ్చు. కొలంబస్ విషయంలో ఆ హక్కు ఎవరికీ లేదు.

అపోహ: స్మారకం కింద సమాధి ఉంటుంది.

వాస్తవం: సముద్రయాత్రికుల విషయంలో ఇది తిరగబడుతుంది. శరీరం దొరకని చోటే స్మారకం కట్టడం ఎక్కువ. పోర్చుగీసు నావికుడు మెజెల్లన్ 1521 ఏప్రిల్ 27న ఫిలిప్పీన్స్‌లోని మక్తాన్ దీవిలో హతుడయ్యాడు. శవం తిరిగి రాలేదు. హవాయిలోని కెయలకెకువా అఖాతం ఒడ్డున కుక్ పేరిట 1874లో తెల్లని సూదిమొన స్తంభం నిలబెట్టారు. ఆయన హతుడై పడిపోయిన తావుకు అది గుర్తు, అంతే. 1779లో హవాయివాసులు తిరిగి అప్పగించిన అవశేషాలను ఆ అఖాతం నీళ్లలోనే విడిచారు. ఆ స్తంభం ఉన్న జాగా బ్రిటన్ సార్వభౌమ భూభాగమన్న మాట కూడా వింటుంటాం. ఆ చిన్న స్థలం బ్రిటన్ పేరిట ఉన్న ఆస్తి మాత్రమే. అక్కడ చెల్లేది అమెరికా చట్టమే.

కొచ్చిలోని సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో వాస్కో డ గామా సమాధి రాయి ఉంది. ఆయన 1524లో కొచ్చిలోనే మరణించాడు, అక్కడే ఖననం చేశారు. తర్వాత పదిహేనేళ్ల లోపే అవశేషాలను పోర్చుగల్‌కు తరలించారు. రాయి మిగిలింది. లండన్ టవర్ హిల్ స్మారకంలోనైతే రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన దాదాపు 36,000 మంది వాణిజ్య నావికుల, జాలరుల పేర్లున్నాయి. సముద్రం తప్ప వేరే సమాధి లేనివాళ్ల కోసమే అది కట్టారు.

ఇంత చెప్పానని, 'కింద ఏమీ ఉండదు' అనుకుని పలుగు వేయకండి. లండన్‌లోని గ్రీనిచ్ పాత నౌకాదళ కళాశాల ప్రార్థనామందిరంలో, 1845లో బయలుదేరి తిరిగిరాని ఫ్రాంక్లిన్ ఆర్కిటిక్ యాత్ర స్మారకం ఉంది. దానికింద నిజంగానే ఒక మనిషి అస్థిపంజరం ఉంది. 1869లో అమెరికన్ అన్వేషకుడు చార్ల్స్ ఫ్రాన్సిస్ హాల్ సేకరించిన ఆ ఎముకలు ఆ యాత్రలోని లెఫ్టినెంట్ లె వెస్కాంట్‌వని చాలాకాలం అనుకున్నారు. 2009లో పునరుద్ధరణ సందర్భంగా తీసి పరీక్షిస్తే, అవి హ్యారీ గుడ్‌సర్ అనే వైద్యుడివి కావచ్చని తేలింది. అందుకే ఎంత చిన్న దిమ్మె అయినా, పాత కాగితాలు చదవకుండా పునాది జోలికి వెళ్లనివ్వను.

కొలంబస్‌కైతే రెండు సమాధులు. సెవిల్ కెథెడ్రల్‌లో నలుగురు రాజభటులు శవపేటికను భుజాన మోస్తున్నట్టున్న నిర్మాణాన్ని ఆర్తూరో మెలీదా నిజానికి హవానా కోసం చేశాడు. 1898లో క్యూబా స్పెయిన్ చేయిజారడంతో ఎముకలతోపాటు అదీ సెవిల్ చేరింది. అయితే 1877లో డొమినికన్ రిపబ్లిక్ రాజధాని శాంటో డొమింగోలో కొలంబస్ పేరున్న సీసపు పెట్టె బయటపడింది. దాన్ని 1992లో ప్రారంభించిన బ్రహ్మాండమైన దీపస్తంభ స్మారకంలో ఉంచారు. సెవిల్ ఎముకలకు జరిపిన డీఎన్ఏ పరీక్షలో ఆయన తమ్ముడి ఎముకలతో పోలిక కుదిరింది. ఎముకలు కొన్ని ఇక్కడ, కొన్ని అక్కడ మిగిలిపోయి ఉండవచ్చన్నదీ కొట్టిపారేయలేని మాటే.

అపోహ: విగ్రహం చేయి చూపేది ఆ యాత్ర దిక్కునే.

వాస్తవం: బార్సిలోనాలో 1888లో నిలిపిన 60 మీటర్ల కొలంబస్ స్తంభం మీది చేయి అమెరికా వైపు చూపుతుందంటారు. అమెరికా పడమట ఉంది. ఆ వేలు ఆగ్నేయంగా, సముద్రం మీదికి చూపుతుంది. పడమటికి తిప్పితే నావికుడు ఊరి వైపు చేయి చూపినట్టు ఉండేది. శిల్పి మంచి పనే చేశాడని నా అభిప్రాయం.

నిజంగా దిక్కు చూపే స్మారకాలు వేరే ఉన్నాయి, వాటి గురించి ఎవరూ అడగరు. దక్షిణాఫ్రికాలోని గుడ్ హోప్ అగ్రం దగ్గర పోర్చుగీసు నావికులు డయాస్, డ గామాల పేరిట రెండు శిలువలున్నాయి. సముద్రం మీద నుంచి చూసినప్పుడు ఆ రెండూ ఒకే వరుసలోకి వస్తే, ఆ గీత ఫాల్స్ అఖాతంలో నీటి కింద దాగిన విటిల్ రాక్ మీదుగా పోతుంది. ఓడలకు అది ప్రమాదకరమైన బండ. స్మారకంగా నిలుస్తూనే ప్రాణాలు కాపాడే పనిచేసేవి నేనెరిగినంతలో చాలా తక్కువ.

అపోహ: పాత నావికులు పాతిన స్తంభాలు పాతిన చోటే ఉన్నాయి.

వాస్తవం: పోర్చుగీసు నావికులు ఓడలోనే రాతి స్తంభాలు వేసుకుని బయలుదేరేవారు. తీరం కనిపించిన చోట ఎత్తైన కొమ్మున పాతేవారు. ఈ నేల మా రాజుది, ఇక్కడికి మేమే ముందు వచ్చాం అన్న దావా అది. జ్ఞాపకార్థం అన్న ఆలోచన తర్వాతి తరాలది. దియోగో కావ్ 1486లో నమీబియా తీరంలోని కేప్ క్రాస్‌లో నాటిన సున్నపురాతి స్తంభాన్ని 1893లో జర్మన్లు పెకలించి తీసుకుపోయారు. ఆ స్థానంలో నకలు పెట్టారు. అసలుదాన్ని నమీబియాకు తిరిగి ఇస్తామని బెర్లిన్ మ్యూజియం 2019లో ప్రకటించింది. డయాస్ 1488లో దక్షిణాఫ్రికా తీరంలోని క్వైహుక్ దగ్గర పాతినది ముక్కలైపోతే, చరిత్రకారుడు ఎరిక్ ఆక్సెల్సన్ 1938లో ఆ ముక్కలను వెతికి పట్టుకున్నాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది శ్రీలంకలోని గాలె శాసనం. చైనా నౌకాధిపతి జెంగ్ హె నౌకాదళం తెచ్చిన ఆ రాయి మీద 1409 నాటి తేదీ ఉంది. ఒకే రాతిపై మూడు భాషలు: చైనీస్ భాగం బుద్ధుడికి, తమిళ భాగం హిందూ దైవం తేనవరై నాయనార్‌కు, పర్షియన్ భాగం అల్లాకు సమర్పించిన కానుకలను చెబుతాయి. 1911లో ఒక ఇంజనీరు కంటపడేనాటికి అది కాలువ మీద మూతగా పడి ఉంది. అలా పడి ఉండటం వల్లే అక్షరాలు ఇంతవరకైనా మిగిలాయేమో! ఇప్పుడు కొలంబో జాతీయ మ్యూజియంలో ఉంది.

ఇళ్లదీ ఇదే దారి. మెల్‌బోర్న్‌లోని 'కుక్ కాటేజ్' ఆయన తల్లిదండ్రుల ఇల్లు. యార్క్‌షైర్‌లోని గ్రేట్ ఐటన్ నుంచి విప్పి, పెట్టెల్లో తెచ్చి 1934లో తిరిగి కట్టారు. ద్వారం మీద చెక్కినది 1755. అప్పటికి కుక్ ఆ ఊరు విడిచి పదేళ్లయింది.

అపోహ: కంచు మీది పచ్చదనం మురికి, తోమేస్తే మెరుస్తుంది.

వాస్తవం: ఇది చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుడుతోంది. చిలుములో రెండు రకాలున్నాయి. గట్టిగా, నున్నగా, ముదురు ఆకుపచ్చలోనో గోధుమ రంగులోనో లోహానికి అతుక్కుపోయిన పొర మంచిది; కింది కంచుకు అదే రక్షణ. దాన్ని ఇసుక కాగితంతోనో ఆమ్లంతోనో గీకేస్తే శిల్పి పనితనంతోపాటు కవచమూ పోతుంది. రెండోది లేత ఆకుపచ్చలో, చుక్కలు చుక్కలుగా, గోటితో తాకితే రాలే పొడి. అది జబ్బు. సముద్రపు గాలిలోని క్లోరైడు రాగితో కలిసి లోపల క్యూప్రస్ క్లోరైడుగా కూర్చుంటుంది. దానికి తేమ, గాలి తగిలితే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం ఇంకొంత రాగిని తింటుంది. ఎవరూ ఆపకపోతే గుంట పడేదాకా ఇదే చక్రం. అనుమానం ఉన్న చుక్కను కర్ర పుల్లతో శుభ్రంగా తీసేసి, తేమగా ఉన్న రాత్రి గడిచాక మళ్లీ చూస్తాను. పొడి తిరిగి పైకి వచ్చిందంటే జబ్బు బతికే ఉందన్నమాట.

మామూలు వైద్యం ఇంతే: మెత్తటి కుంచె, ఘాటులేని సబ్బు, మంచినీరు, పూర్తిగా ఆరనివ్వడం, వెచ్చచేసిన లోహం మీద పలచగా మైనం. సముద్రం పక్కనైతే ఏటా చేయాలి. మైనానికి డబ్బు ఇమ్మంటే ఇవ్వరు; పాతికేళ్లు వదిలేసి, ఆపై విగ్రహం మొత్తం బాగుచేయడానికి దానికి ఎన్నో రెట్లు ఇస్తారు.

అపోహ: రాయికి శత్రువు వాన, గట్టిగా కడిగి సిమెంటు పూస్తే చాలు.

వాస్తవం: రేవు స్తంభాన్ని దగ్గర నుంచి చూస్తే, వాన నేరుగా తగిలే ముఖం కంటే చూరు కింద నీడలో ఉన్న భాగమే ఎక్కువగా పెచ్చులూడి ఉంటుంది. ఎందుకంటే వాన ఉప్పును కడిగేస్తుంది. చూరు కింద అది పేరుకుంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు కరుగుతుంది, తగ్గితే మళ్లీ పలుకు కడుతుంది. రాత్రీ పగలూ ఇదే. రాతి రంధ్రాల్లో పలుకు పెరిగిన ప్రతిసారీ పై పొరను కొంచెం నెడుతుంది. చివరికి వేలితో రాస్తే పొడి రాలుతుంది, చెక్కిన అక్షరం అంచు గుండ్రబడుతుంది.

దీనికి మందు నీటి తుపాకీ కాదు. కాగితపు గుజ్జు, బంకమట్టి శుద్ధజలంతో తడిపి రాతికి పట్టు వేస్తాం. అది ఆరేటప్పుడు ఉప్పును తనలోకి లాక్కుంటుంది. తీసిన పట్టులో ఉప్పు ఎంత వచ్చిందో కొలుస్తాం, తగ్గేదాకా మళ్లీ వేస్తాం. ఇక సందుల్లో సిమెంటు మహా చేటు. మెత్తటి రాయి మధ్య గట్టి సిమెంటు ఉంటే తేమ రాతి గుండానే బయటపడుతుంది. కొన్నేళ్లకు రాయి అరిగి సిమెంటు గట్లు పైకి లేచి కనిపిస్తాయి. సున్నం గచ్చే అక్కడ సరైనది, రాతికి బదులు తాను అరుగుతుంది. లోపలి ఇనుప బిగింపులు తుప్పు పడితే ఉబ్బి రాతిని చీలుస్తాయి. వాటిని తీసి స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టడం మా పనిలో ఖరీదైన భాగం.

అపోహ: ఫలకం మీది కొలత కొలతే.

వాస్తవం: లండన్‌లో బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ పేరిట ఉన్న స్తంభం ఎత్తు 185 అడుగులని తరతరాలుగా రాస్తూ వచ్చారు. 2006లో శుభ్రం చేయడానికి పరంజా కట్టినప్పుడు లేజర్‌తో కొలిస్తే 169 అడుగుల 3 అంగుళాలే వచ్చింది.

అపోహ: జనం తాకడం వల్లే విగ్రహాలు పాడవుతాయి.

వాస్తవం: చిలీలోని పుంతా అరేనస్ చౌకులో 1920లో నెలకొల్పిన మెజెల్లన్ స్మారకం ఉంది. పైన మెజెల్లన్, కింద పీఠం దగ్గర ఆదివాసి బొమ్మ. ఆ బొమ్మ కాలి బొటనవేలిని తాకితేనో ముద్దుపెట్టుకుంటేనో ఆ ఊరికి మళ్లీ వస్తారని నమ్మకం. మిగతా కంచు నల్లబడి ఉంటే ఆ వేలు మాత్రం బంగారు రంగులో మెరుస్తుంది. లోహం అరుగుతున్న మాట నిజమే, కానీ ఆ అరుగుదల చాలా నెమ్మది. చేతుల రాపిడికి అక్కడ ఉప్పు నిలవదు, కాబట్టి క్లోరైడు జబ్బూ అంత సులువుగా పట్టదు. అలాంటి చోట కంచె కట్టమని నేను సలహా ఇవ్వను. వేలి మీద మైనం పూయడం కూడా వృథా; సాయంత్రానికి అది వచ్చినవాళ్ల చేతుల్లో ఉంటుంది. జనం చేయి అందని మడమ వెనకభాగం, వేళ్ల సందులు ముందు చూడాలి. లేత ఆకుపచ్చ చుక్కలు మొదలయ్యేది అక్కడే.