దిమ్మె దిగిన ఇంజన్: ఫెయిరీ క్వీన్ వెనక కథ

స్టేషన్ల ముందు దిమ్మెల మీద పాత పొగబండి ఇంజన్లు కనిపిస్తుంటాయి. పిల్లలు ఎక్కుతారు, మనం ఫొటో తీసుకుంటాం, వాన పడితే అది తడుస్తుంది. ఇలాంటివాటిని ఊరికే నిలబెట్టాలా, మళ్లీ నడిపించాలా అనే చర్చ వచ్చినప్పుడల్లా ముందు గుర్తుకొచ్చే పేరు ఫెయిరీ క్వీన్.

1855లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో తయారై, అదే ఏడాది ఓడ మీద కలకత్తా చేరింది. ఈస్ట్ ఇండియన్ రైల్వే దానికి 22 అని నంబరు వేసింది. పేరు పెట్టింది మాత్రం 1895లో. హౌరా, రాణీగంజ్‌ల మధ్య తేలికపాటి మెయిల్ బళ్లు లాగేది. 1857 తిరుగుబాటు రోజుల్లో సైన్యాన్నీ మోసింది. పక్కన నిలబడి చూస్తే కళ్లన్నీ నడిమి చక్రం మీదికే పోతాయి. దాదాపు మనిషంత ఎత్తు! ఆవిరి బలమంతా ఆ ఒక్క జతకే. ముందూ వెనకా ఉన్న చిన్న చక్రాలు బరువు మోయడానికే. బళ్లు పొడవై బరువెక్కాక పట్టాల మీద ఒక్క జత చక్రాల పట్టు చాలదు కదా.

1909లో పని నుంచి తప్పించి, హౌరా స్టేషన్ బయట దిమ్మె ఎక్కించారు. 1943లో ఉత్తరప్రదేశ్‌లోని చందౌసీ రైల్వే శిక్షణ పాఠశాలకు, ఆ తర్వాత ఢిల్లీ రైల్ మ్యూజియానికి మారింది. 1997లో మళ్లీ పొయ్యి రాజేశారు. ఎనభై ఎనిమిదేళ్ల తర్వాత! అది ఆ సమయంలోనే జరగడం మన అదృష్టమని నేను గట్టిగా నమ్ముతాను. బ్రాడ్ గేజ్‌లో, అంటే వెడల్పు పట్టాల మీద, ఆవిరి బళ్లు ఆగిపోయింది 1995లో. అంటే నీటిని ఆవిరిగా మార్చే బాయిలర్ గుట్టు చేతులారా తెలిసినవాళ్లు ఇంకా ఉద్యోగాల్లోనే ఉన్నారు. ఢిల్లీ నుంచి ఆళ్వార్‌కు టూరిస్టు బండి లాగింది. 1998లో, క్రమం తప్పక నడుస్తున్న అతి పాత ఆవిరి ఇంజన్‌గా గిన్నిస్ గుర్తించింది.

ఇంత పేరున్న ఇంజన్‌కే 2011లో దొంగలు పడి భాగాలు ఊడదీసుకుపోయారు. చెన్నైలోని పెరంబూర్ వర్క్‌షాప్ వాళ్లు కొత్త భాగాలు చేసి బిగించాకే అది మళ్లీ కదిలింది. దిమ్మెల మీదున్న మిగతావాటికి కనీసం పైన ఓ రేకుల కప్పు, రాత్రిపూట ఓ కాపలా మనిషి ఉండాలి. ఇత్తడి ముక్క పోతే కొనడానికి ఏ దుకాణంలోనూ దొరకదు. బాయిలర్ చుట్టూ ఉండే రేకు తొడుగు కింద నీరు చేరితే, పైకి రంగు మెరుస్తూనే లోపల బాయిలర్‌ను తుప్పు తినేస్తుంది.