ర్యాగింగ్‌కు చట్టం ఉంది, మార్కుల పేరుతో అవమానానికి?

సీనియర్లు జూనియర్లను వేధిస్తే నేరమని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం చేసింది. అంతకు ముందు ఏడాది తమిళనాడులో ఒక వైద్య విద్యార్థి ర్యాగింగ్‌కు బలయ్యాడు. 2009లో హిమాచల్‌లో మరొకరు చనిపోయాక, యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ నిబంధనలు తెచ్చింది. అవి యూనివర్సిటీలకు, వాటి కింది కాలేజీలకే. అదే ఏడాది వచ్చిన విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. అయితే అది 14 ఏళ్ల దాకానే. ఇంటర్ పిల్లలకు 16, 17 ఏళ్లు. ఇటు యూజీసీ, అటు విద్యాహక్కు, రెండూ వాళ్లకు అందలేదు.

సరిగ్గా ఆ వయసులోనే మనం వాళ్లను రెసిడెన్షియల్ కాలేజీలో చేరుస్తాం. వారం వారం టెస్టు, మార్కులను బట్టి సెక్షన్. మార్కులు తగ్గిన పిల్లాణ్ని అందరి ముందు నిలబెట్టి తిడతారు. మొన్నటి దాకా పక్కన కూర్చున్నవాళ్లే ఎగతాళి చేస్తారు. ఇంటికి ఫోన్ చేస్తే అక్కడా మార్కుల మాటే. తోటి పిల్లలు చేస్తే తప్పన్నదాన్ని లెక్చరర్ చేస్తే క్రమశిక్షణ అని ఇన్నేళ్లూ ఊరుకున్నాం. ఆత్మహత్యకు ఏ ఒక్కటో కారణం కాదు, నిజమే. కానీ 'ఇక నా వల్ల కాదు' అనుకునే పిల్లాడికి ఆ మాట చెప్పుకోవడానికి ఒక్క మనిషైనా లేకుండా చేసింది ఈ పద్ధతే.

ఇంటర్ పిల్లల ఆత్మహత్యలపై 2001లోనే ప్రభుత్వం నీరదా రెడ్డి కమిటీ వేసింది. అయినా సెక్షన్లు పోలేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తెలుగులో సున్నా వేసిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 వచ్చాయి.

2023లో విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జూలై 25న కోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించి, దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు చేయడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం వీలైనంత వరకు మానాలంది. నన్నడిగితే ఆ 'వీలైనంత వరకు' ఉండకూడదు. కోర్టు చెప్పినదాని ప్రకారం 100 మంది, అంతకు మించి విద్యార్థులుంటే కౌన్సెలర్ ఉండాలి. హాస్టళ్లలో, క్లాసుల్లో హెల్ప్‌లైన్ నంబర్లు పెద్ద అక్షరాలతో పెట్టాలి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లాడు ఆత్మహత్యకు ప్రయత్నించి బతికితే పోలీసు కేసవుతుందని దాచిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటివారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు. వాళ్లకు వైద్యం అందించాల్సింది ప్రభుత్వమే.