"పాలు పడల్యాదంట సిస్టర్, ఏ డబ్బా తేవల్ల?": కొత్త నాన్నల అపోహలు - వాస్తవాలు

కర్నూలులో బాలింతల వార్డులో నర్సుగా చేస్తున్నాను. కాన్పయిన రెండో రాత్రి వార్డు తలుపు దగ్గర నిలబడే తొలిచూలు తండ్రులు అడిగేది ఎప్పుడూ ఒకటే: "పాలు పడల్యాదంట సిస్టర్, ఏ డబ్బా తేవల్ల?" ఆలూరు నుంచి వచ్చిన కూలీ అయినా, బెంగళూరు నుంచి సెలవు పెట్టి వచ్చిన ఇంజనీరు అయినా ఇదే మాట. వాళ్లను తప్పు పట్టను. వార్డులోకి మగవాళ్లను రానివ్వరు. లోపల ఏం జరుగుతోందో అత్తగారో, వాళ్ల అమ్మో బయటికి వచ్చి చెప్తేనే తెలుస్తుంది. ఆమె "పాలు లేవు, బిడ్డ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతోంది" అంటే ఏ తండ్రి కాళ్లు నిలుస్తాయి? రాత్రి పదకొండు గంటలకైనా మెడికల్ షాపు వెతుక్కుంటూ పోతాడు.

అపోహ: మొదటి మూడు రోజులు తల్లికి పాలు రావు, అందాకా డబ్బా పాలు పట్టాలి.

ఈ ఒక్కటీ గట్టిగా చెప్పాలనే రాస్తున్నాను. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

కాన్పు కాగానే వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుపచ్చగా, చుక్కలు చుక్కలుగా వస్తాయి. పిండి చూసిన పెద్దవాళ్లకు అవి పాలలాగే కనిపించవు. కానీ ఆ రోజుకు బిడ్డకు కావలసింది అంతే. మొదటి 24 గంటల్లో బిడ్డ ఒక్కో విడతకు తాగేది 2 నుంచి 10 మిల్లీలీటర్లు. రెండో రోజు 5 నుంచి 15, మూడో రోజు 15 నుంచి 30, నాలుగో రోజు 30 నుంచి 60. ఒక టీస్పూను అంటే 5 మిల్లీలీటర్లు. మొదటి రోజే సీసా నిండా కలిపి, బిడ్డ తాగేసింది కాబట్టి ఆకలితోనే ఉందని తేల్చేసేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. నోట్లో రబ్బరు పీక పెట్టి ధారగా పోస్తే ఆకలి లేని బిడ్డ కూడా మింగుతుంది. ఆ తర్వాత కక్కుతుంది. అప్పుడు "పాలు అరగడం లేదు" అని ఇంకో డబ్బా మారుస్తారు.

రొమ్ములు బరువెక్కి పాలు పొంగడం మూడో రోజో నాలుగో రోజో మొదలవుతుంది. తొలి కాన్పయినా, సిజేరియన్ అయినా ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఈ లోపు రెండో రాత్రి వస్తుంది. మొదటి రోజంతా నిద్రపోయిన బిడ్డ ఆ రాత్రి కళ్లు తెరిచి, అరగంటకోసారి రొమ్ము కావాలని ఏడుస్తుంది. పెడితే ఊరుకుంటుంది, తీస్తే మళ్లీ ఏడుస్తుంది. ఇంట్లోవాళ్లకు అది పాలు లేవనడానికి రుజువు. నిజానికి పాలు రప్పించే పని బిడ్డ చేసేది ఆ రాత్రే. బిడ్డ చీకే కొద్దీ తల్లి ఒంట్లో పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది, రాత్రిపూట ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. రొమ్ము ఎంత ఖాళీ అయితే అన్ని పాలు తయారవుతాయి. ఆ రాత్రి సీసా పడితే బిడ్డ పొట్ట నిండి నాలుగు గంటలు పడుకుంటుంది. ఆ నాలుగు గంటలు రొమ్మును అడిగేవాళ్లు ఉండరు. పొద్దునకు పాలు తగ్గుతాయి, మళ్లీ సీసా పడుతుంది. వారం తిరిగేసరికి నిజంగానే పాలు చాలవు. "చూశావా, మేం ముందే చెప్పలేదా" అంటారు. పాపం ఆ పిల్ల, తన ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకుని ఏడుస్తుంది. అలా ఏడ్చే బాలింతలను చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే వాళ్లలో చాలామందికి ఏ లోపమూ లేదు.

ఒకసారి కోసిగి వైపు నుంచి సుగ్గికి, అంటే వలస కూలికి పోయిన కుర్రవాడు, గుంటూరు మిరప చేలలో ఉండగా భార్యకు నొప్పులు వచ్చాయని కబురందితే రాత్రి బస్సెక్కి నేరుగా మా దగ్గరికి వచ్చాడు. చేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. సంచిలో రెండు పాల డబ్బాలు, ఒక సీసా. దారిలో ఎవరో చెప్తే కూలి డబ్బులతో కొనేశాడు. "ఖర్చుకు ఎనకాడను మేడం, బిడ్డ బతకల్ల" అన్నాడు. ముందు చేతులు మోచేతి దాకా సబ్బుతో రెండుసార్లు కడుక్కోమన్నాను, మిరప ఘాటు బిడ్డ కళ్లకు తగలకూడదు కదా. తర్వాత వార్డు ఖాళీగా ఉన్న వేళ చూసి లోపలికి పిలిచాను. ఆ అమ్మాయి బిడ్డను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని, తనే ముందుకు వంగి, చనుమొన కొసను మాత్రం నోట్లో పెడుతోంది. బిడ్డ రెండుసార్లు చీకి, జారిపోయి ఏడుస్తోంది. తల్లిని వెనక్కి ఆనుకోమని, మోచేతి కింద మడిచిన దుప్పటి పెట్టాను. బిడ్డ పొట్టను తల్లి పొట్టకు ఆనించి, నోరు బాగా తెరిచేదాకా ఆగి, చనుమొన చుట్టూ ఉండే నల్లని భాగం కూడా నోట్లోకి పోయేలా దగ్గరికి లాగాం. కింది పెదవి బయటికి తిరిగింది, గడ్డం రొమ్ముకు ఆనింది. నాలుగైదుసార్లు చీకాక బిడ్డ ఒక్క క్షణం ఆగింది. గొంతులో సన్నగా 'క్' మని మింగిన చప్పుడు. అతను వంగి మరీ విన్నాడు. "తాగుతాందా?" అన్నాడు. ఆ రాత్రి డబ్బా మూత తీయలేదు.

మరి పాలు చాలుతున్నాయో లేదో తెలిసేది ఎలా? ఏడుపును బట్టి కాదు, రొమ్ము పిండి చూసీ కాదు. తడిసిన గుడ్డలు లెక్కపెట్టండి. మొదటి రోజు కనీసం ఒకసారి, రెండో రోజు రెండు, మూడో రోజు మూడుసార్లు ఉచ్చ పోయాలి. ఐదో రోజు నుంచి రోజుకు ఆరు లేదా అంతకన్నా ఎక్కువ. మొదట నల్లగా, జిగటగా వచ్చే మలం ఆకుపచ్చకు తిరిగి, నాలుగైదు రోజులకు పసుపురంగులోకి రావాలి. 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు రొమ్ము పట్టాలి. మొదటి రోజుల్లో బిడ్డ కాస్త తూకం తగ్గడం మామూలే. 3 కిలోలతో పుట్టిన బిడ్డ 200 గ్రాములు తగ్గిందని గాభరా పడొద్దు. 10 శాతం దాకా పోతే మాత్రం వెంటనే చూపించాలి. రెండు వారాలకల్లా పుట్టిన తూకానికి తిరిగి రావాలి. ఈ లెక్క రాసే పని నాన్న తీసుకోవాలని నా కోరిక. ఒక చిన్న నోటుబుక్కు, ఒక పెన్ను చాలు. సిజేరియన్ కుట్లతో లేవలేని మనిషిని "ఎన్నిసార్లు పోసింది?" అని అడిగితే ఏం చెప్తుంది?

ఇంకో మాట, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. ఏడ్చే బిడ్డ కన్నా ఏడవని బిడ్డను చూస్తేనే నాకు భయం. మే నెలలో ఒక జంట ఐదో రోజు బిడ్డను తీసుకొచ్చారు. "భలే మంచి బిడ్డ మేడం, ఏడవనే ఏడవదు, నిద్రే నిద్ర" అని తాత మురిసిపోతూ చెప్పాడు. కర్నూలు ఎండలో మందపాటి ఉన్ని దుప్పటి చుట్టి, తలకు టోపీ పెట్టారు. ఒళ్లు కాలుతోంది, పెదవులు ఎండిపోయాయి, ముందురోజు పొద్దుటి నుంచి ఉచ్చ లేదు. పాలకు లేపితే పాపం నిద్ర చెడుతుందని లేపలేదు. ఆ బిడ్డకు నిజంగానే పాలు అందలేదు. దుప్పటి విప్పి, సెలైన్ ఎక్కించి, తల్లి పాలు పిండి గిన్నెతో పట్టాక రెండు రోజులకు గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని వార్డంతా నవ్వింది. కాబట్టి మొదటి రెండు వారాలు మూడు గంటలు దాటి నిద్రపోతుంటే లేపి పాలు పట్టండి. గుడ్డ విప్పండి, అరికాలు రుద్దండి, లేస్తుంది.

డబ్బా పాలు విషమని నేను అనను. నెలలు నిండని బిడ్డలకు, రక్తంలో చక్కెర పడిపోయిన బిడ్డలకు, తల్లి ఐసీయూలో ఉన్నప్పుడు డాక్టరే రాస్తారు. అప్పుడు కూడా ముందు తల్లి పాలు పిండి పట్టేందుకే చూస్తాం. డాక్టరు డబ్బా రాస్తే సీసా వద్దు, ఉగ్గుగిన్నెతో పట్టండి. డబ్బా మీద రాసిన కొలతే కలపండి. డబ్బా వారం ఎక్కువ రావాలని నీళ్లు పెంచి కలిపే ఇళ్లు చూశాను. బిడ్డ పొట్ట నిండుతుంది, ఒళ్లు నిండదు. షాపులో ఎవరో చెప్పారని, పక్క మంచం వాళ్లు వాడారని మాత్రం కొనకండి. 1992లో వచ్చిన చట్టం ప్రకారం ఈ డబ్బాలకు ప్రకటనలు ఇవ్వకూడదు, వాటి మీద బిడ్డ బొమ్మ వేయకూడదు. తల్లిపాలే మేలని ఆ డబ్బా మీదే రాసి ఉంటుంది, తిప్పి చదవండి.

అపోహ: బాలింతకు నీళ్లు ఎక్కువ ఇస్తే పొట్ట వస్తుంది, బిడ్డకు జలుబు చేస్తుంది.

ఇది పై అపోహకు తోబుట్టువు. నలభై డిగ్రీల ఎండలో పాలిచ్చే మనిషికి పూటకో గ్లాసు నీళ్లు, కారప్పొడి అన్నం పెట్టి, పాలు పడలేదని ఆమెనే అంటారు. దాహం వేసినంత తాగనివ్వండి. పాలిచ్చేటప్పుడు పక్కన నీళ్ల చెంబు ఉండాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, పండ్లు అన్నీ తినొచ్చు. వెల్లుల్లి, మెంతులు ఇష్టమైతే పెట్టండి, అవే పాలు తెప్పిస్తాయని మాత్రం మిగతా తిండి మాన్పించొద్దు. తొలి కాన్పు పుట్టింట్లో కాబట్టి అల్లుడికి అక్కడ నోరు లేవదు, నాకు తెలుసు. అత్తతో వాదించక్కర్లేదు. చెంబు మీరే నింపి పెట్టండి, ఎవరూ కాదనరు.

మిగతావి.

బిడ్డకు ఎండాకాలం నీళ్లు తాగించాలా? వద్దు. 6 నెలల దాకా చుక్క నీళ్లు కూడా అక్కర్లేదు, తల్లి పాలలో ఎక్కువ భాగం నీళ్లే.

తేనె నాకించడం: ఏడాది లోపు వద్దే వద్దు. బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. చక్కెర నీళ్లు, వసకొమ్ము, ఆముదం, గ్రైప్ వాటర్ కూడా అంతే, ఏవీ వద్దు. వీధిలో గాడిదను తోలుకొచ్చి చెంచా చొప్పున అమ్మే పాలతో ఆయాసం, పక్షిదోషం పోవు. కాచని ఆ పాలతో విరేచనాలు పట్టుకున్న బిడ్డలు మా దగ్గరికే వస్తారు.

కామెర్లు ఎండలో పెడితే పోతాయి: దీని మీద నమ్మకంతో రోజులు పోగొట్టుకోవద్దు. రెండు మూడు రోజులకు కాస్త పచ్చబడి, రెండు వారాల లోపు తగ్గడం చాలామంది బిడ్డల్లో ఉండేదే. పుట్టిన 24 గంటల లోపే పచ్చబడినా, అరచేతులు, అరికాళ్ల దాకా పచ్చదనం పాకినా, బిడ్డ పాలు మానేసినా అదే రోజు ఆస్పత్రికి రావాలి. కామెర్లకు ఆస్పత్రిలో ఇచ్చే నీలి కాంతి చికిత్స వేరు, మన మేడ మీది ఎండ వేరు. ఆ ఎండకు బిడ్డ ఒళ్లు కమిలిపోతుంది. పొట్ట మీద వాతలు పెట్టించడం గురించి చెప్పడానికే బాధగా ఉంది. ఆ పని ఎవరినీ చేయనివ్వకండి.

బొడ్డుకు పసుపు, బూడిద, నూనె: ఏదీ రాయొద్దు. పొడిగా వదిలేస్తే వారం పది రోజుల్లో రాలిపోతుంది. చెవుల్లో, ముక్కులో నూనె పోయొద్దు. కళ్లకు కాటుక వద్దు. సాంబ్రాణి పొగ ఆ చిన్న ఊపిరితిత్తులకు పడదు.

మగవాడు పసిగుడ్డును ఎత్తుకోకూడదు, పురుడు తీరేదాకా దూరంగా ఉండాలి: చొక్కా విప్పి, బిడ్డను ఛాతీకి ఆనించుకుని పైన దుప్పటి కప్పుకోండి. బిడ్డకు వెచ్చగా ఉంటుంది, ఆ గంటలో తల్లి నిద్రపోతుంది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు మా యూనిట్లోనే తండ్రుల చేత ఇది చేయిస్తాం. చేతులు కడుక్కుంటే చాలు.

ఆశా కార్యకర్త ఊరికే వచ్చి పోతుంది: ఆస్పత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె ఇంటికి రావాలి. బిడ్డను తూకం వేస్తుంది, జ్వరం చూస్తుంది. ఆమె వచ్చినప్పుడు బిడ్డ నిద్రపోతోందని తిప్పి పంపకండి. మీ నోటుబుక్కు ఆమెకు చూపించండి.

బిడ్డ పాలు తాగకపోయినా, నిమిషానికి 60 కన్నా ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు కాలుతున్నా, చల్లబడినా, కదిలిస్తే తప్ప కదలకపోయినా ఇంట్లో ఎవరి సలహా కోసమూ ఆగొద్దు, 108కు ఫోన్ చేయండి. వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితం, ఆ నోటుబుక్కు తెచ్చుకోండి. దారిలో బిడ్డను ఒంటికి ఆనించి పట్టుకోండి, తాగగలిగితే తల్లి చేత పాలు పట్టిస్తూనే రండి.