పుండు మానినా మంటెందుకు?

చిరంజీవులు లాస్యకు, చరణ్‌కు తాతయ్య ఆశీస్సులు.

సర్పి పొక్కులు ఎండిపోయాక కూడా అమ్మమ్మకి మంటెందుకని అడిగారు. చీర చెంగు రాసుకున్నా ఉలిక్కిపడుతోంది మరి. పాడైంది చర్మం కాదర్రా, నరం. దాని ప్రభావం వెన్నుపాము దాకా పోయింది.

వెన్నుపాములో మైక్రోగ్లియా అనే రక్షక కణాలుంటాయి. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఒర్తేగా వీటిని విడిగా గుర్తించి పేరు పెట్టాడు. మామూలప్పుడు సన్నని కొమ్మలు చాచి చుట్టుపక్కల తడుముతుంటాయి. నరం దెబ్బతింటే ఆ కొమ్మలు ముడుచుకుని, ఒళ్లు లావెక్కి, రసాయనాలు వదులుతాయి. దాంతో నొప్పిని అణచే కణాల పట్టు సడలుతుంది. దొంగ పడ్డ రాత్రి లేచిన వీధికుక్కలు తెల్లారాక పాలవాడిని చూసి కూడా మొరుగుతాయే, అలా చెంగు తగిలినా నొప్పే అవుతుంది.

ఇలాంటి నొప్పి తగ్గుతుందేమోనని పరిశోధిస్తున్న సూది చికిత్స ఒకటుంది, ఎలక్ట్రో ఆక్యుపంక్చర్. ఇందులో మోకాలి కింద లాంటి చోట్ల సన్నని సూదులు గుచ్చి, వాటికి కొద్దిపాటి కరెంటు ఇస్తారు. కండ చిన్నగా అదురుతుంది. బీజింగ్‌లో హాన్ జిషెంగ్ అనే శాస్త్రవేత్త బృందం 1965 నుంచి ఆక్యుపంక్చర్‌ను పరిశోధించింది. సెకనుకు 2 సార్లు కరెంటు ఇస్తే ఎన్‌కెఫలిన్, 100 సార్లు ఇస్తే డైనార్ఫిన్ ఊరుతాయని చూపించారు. ఇవి ఒంట్లోనే తయారయ్యే నొప్పి మందులు.

మైక్రోగ్లియా సంగతి ఎలుకల్లో చూశారు. కాలి నరాన్ని దారంతో వదులుగా కట్టి, జాలీ మీద నిలబెట్టి, కింద నుంచి సన్నని నైలాన్ పోగుతో పాదాన్ని నొక్కుతారు. నరం దెబ్బతిన్న ఎలుక చిన్న ఒత్తిడికే కాలు లాక్కుంటుంది. సూది చికిత్స చేసినవి ఇంకాస్త గట్టిగా నొక్కితేగానీ లాక్కోలేదు. వాటి వెన్నుపాములో రెచ్చిపోయిన మైక్రోగ్లియా కూడా తగ్గాయి. నాకు ఇది ముచ్చటగొలిపిన విషయం. కానీ మనుషుల్లో నరాల నొప్పికి ఇది పనిచేస్తుందని గట్టిగా చెప్పేంత రుజువు ఇంకా లేదు. అందుకే అమ్మమ్మ డాక్టరిచ్చిన మాత్రలు మానదు, నేను మాననివ్వను. పేస్‌మేకర్ ఉన్నవాళ్లయితే గుండె డాక్టర్ని అడగకుండా ఈ కరెంటు జోలికే పోకూడదు.

ఇంకో సంగతి. మైక్రోగ్లియాను అడ్డుకుంటే మగ ఎలుకలకు నొప్పి తగ్గింది, ఆడ ఎలుకలకు తగ్గలేదని 2015లో తేలింది. ఆడవాటిలో వేరే రక్షక కణాలు ఆ పని చేస్తుండొచ్చట. లాస్యా, జీవశాస్త్రం చదువుతానంటున్నావుగా, ఆ దారి పట్టు.

మీ తాతయ్య