కన్ను రంగు వేరు, చూపు వేరు: అపోహలు - వాస్తవాలు

కర్నూలులో డిగ్రీ పిల్లలకి జెనెటిక్స్ ప్రాక్టికల్స్ చేయిస్తుంటా. ఏటా డ్రోసోఫిలా (పండ్ల ఈగ) సీసా తెరిచి, మత్తుకి ఈథర్ పెట్టి, మైక్రోస్కోప్ కింద బ్రష్‌తో ఈగని తిప్పి చూపించగానే ఒకటే మాట, "సార్, తెల్ల కన్ను కదా, దీనికి కనపడదు".

కనపడుతుంది. 1910లో జెనెటిక్స్ శాస్త్రవేత్త మోర్గాన్‌కి దొరికిన వైట్ మ్యుటేషన్‌లో పోయేది స్క్రీనింగ్ పిగ్మెంట్లు, పక్క ఒమటీడియం (ఈగ కంట్లోని ఒక్కో చిన్న గది) నుంచి వెలుతురు దూరకుండా పరదా కట్టే ఎరుపు, గోధుమ రంగులు. పరదా లేదు కాబట్టి కాంట్రాస్ట్ దెబ్బతింటుంది, గుడ్డిది మాత్రం కాదు. చూసే పని వెలుతురుని పట్టే రోడాప్సిన్‌ది. దాని ప్రోటీన్ తయారుచేసే నైనా-ఇ జీన్ పోయిన ఈగకి కన్ను ఎర్రగా నిగనిగలాడుతున్నా ఆర్1 నుంచి ఆర్6 వరకు వెలుతురు పట్టే సెల్స్ పనిచేయవు.

పిల్లలకైతే ఒక మార్కు పోతుంది, అంతే. అసలు నష్టం, కారెట్‌తో ఏ చూపు జబ్బైనా తగ్గుతుందనే అపోహ దగ్గర.

ఆదోని నుంచి ఒక అక్క కొడుకుని తీసుకొచ్చింది. రేచీకటి, రెటినైటిస్ పిగ్మెంటోసా (వంశపారంపర్యంగా రెటినా చెడే జబ్బు) అని డాక్టర్ రాసిచ్చినారు. ఎవరో వాట్సాప్‌లో పెట్టినారంట, ఇక రోజూ రెండు గ్లాసుల కారెట్ రసం, పైగా ఎవరినీ అడక్కుండా విటమిన్ ఎ క్యాప్సూల్స్. పిల్లోడి అరచేతులు పసుపు పూసినట్టున్నాయి. "ఎంత తాగించినా తగ్గలేదు సారూ, ఇంకా పెంచాల్నా?" అని అడిగింది.

వద్దక్కా అన్నా. ఈగలోనే చూడండి, కెరోటిన్ (కారెట్‌లో ఉండేది, ఒంట్లో విటమిన్ ఎగా మారేది) లేని మేత పెడితే రోడాప్సిన్ పడిపోతుంది, మళ్లీ పెడితే వస్తుంది. నైనా-బి అనే జీన్ చెడిన ఈగ కెరోటిన్‌ని రెటినాల్‌గా (రోడాప్సిన్‌కి కావాల్సిన విటమిన్ ఎ రూపంగా) విరగ్గొట్టలేదు, దానికి కారెట్ దండగ, నేరుగా రెటినాల్ ఇస్తే పనిచేస్తుంది. నైనా-ఇ చెడితే ప్రోటీనే లేదు, ఏం తినిపించినా రాదు. తిండి లోపంతో వచ్చే రేచీకటికి విటమిన్ ఎ మందే, కాదనను, కానీ వంశపారంపర్యంగా వచ్చేదానికి ముందు ఏ జీన్ చెడిందో తెలియాలి. విటమిన్ ఎ ఎక్కువైతే లివర్‌లో పేరుకుని చెరుపు చేస్తుంది, గర్భిణులకి మరీ ప్రమాదం. ఆర్‌పీఈ65 జీన్ చెడినవాళ్లకి 2017లో అమెరికాలో జీన్ థెరపీకి అనుమతి వచ్చింది, అదీ ఆ ఒక్క జీన్‌కే, కాబట్టి టెస్ట్ చేయించుకోండి.

మేనరికమే కారణమా అంటే, రిసెసివ్ రకాల్లో (అమ్మానాన్నలిద్దరి నుంచీ చెడిన జీన్ వస్తేనే జబ్బు వచ్చేవి) రిస్క్ పెరుగుతుంది, నిజమే. డామినెంట్‌గా (ఒకరి నుంచి వచ్చినా చాలు), ఎక్స్ క్రోమోజోమ్ మీదుగా వచ్చేవీ ఉన్నాయి. ఆ అక్కది మేనరికం కానే కాదు, అయినా అత్తగారింట్లో నిందంతా ఆమె మీదే. ఆ మాట చెప్తూ ఏడ్చింది. క్యాప్సూల్స్ ఆపించి, కళ్ల డాక్టర్ దగ్గర జెనెటిక్ టెస్ట్ గురించి ఏం అడగాలో కాగితం మీద రాసిచ్చినా.