హైవే మీద బండి ఎంత స్పీడులో పోవాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో నాకో బైకుల షెడ్డు ఉంది. రోజూ గుంటూరు వెళ్లొచ్చే కుర్రాళ్లు సర్వీసింగ్‌కి వస్తుంటారు. వాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: హైవే మీద 80లో పొమ్మని రూలే ఉంది.

వాస్తవం: డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద మోటార్‌సైకిల్‌కి 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 80. అది దాటొద్దన్నారు గానీ అంతలో పొమ్మనలేదు. బోర్డు మీద తక్కువ రాసుంటే ఆ అంకే లెక్క. 80లో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందు లారీ బ్రేక్‌లైటు చూసి మన చెయ్యి పనిచేసేసరికి ఒకటిన్నర సెకను, అంటే 33 మీటర్లు అయిపోతాయి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు పట్టినా ఆగడానికి ఇంకో 40 కావాలి. అదే 60లో అయితే మొత్తం కలిపి 50 మీటర్లలోపే. 35 కిలోమీటర్ల దారిలో 80కీ 60కీ తేడా తొమ్మిది నిమిషాలు. అదీ వారధి మీద ట్రాఫిక్ లేకపోతేనే! నన్నడిగితే 100, 125 సీసీ బండికి 60, అంతకన్నా పెద్దదానికి 70 చాలు.

అపోహ: నెమ్మదిగా పోతే భయం లేదు.

వాస్తవం: డివైడర్ పక్కన 40లో పోతుంటే వెనకొచ్చే బస్సుకు మీరే అడ్డం. ఎడమకు రండి.

అపోహ: చెయ్యి బ్రేకు వేస్తే పల్టీ కొడతాం.

వాస్తవం: ఈ భయం ఎంతమందికి ఉందో నాకు బ్రేకులు విప్పితే తెలుస్తుంది. కాలి బ్రేకు షూ అరిగి ఇనుము తేలి ఉంటుంది, ముందు ప్యాడ్లు మాత్రం కొన్నప్పటిలాగే ఉంటాయి. బ్రేకు పట్టగానే బరువంతా ముందుకొస్తుంది కాబట్టి బాగా ఆపగలిగేది ముందు చక్రమే. పడేసేది ఒక్కసారిగా గుంజడం, ఇసుక మీదో మలుపులోనో పట్టడం. రెండూ కలిపి, ముందుది మెల్లగా బిగిస్తూ పట్టాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు. చక్రం జామ్ కాకుండా చూడటం వరకే దాని పని.

అపోహ: ఎండాకాలంలో గాలి తగ్గించి కొట్టించాలి.

వాస్తవం: గాలి తగ్గితే టైరు ఎక్కువ నలుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. కంపెనీ చెప్పిన అంకె చల్లగా ఉన్న టైరుకే. మొన్నొక అబ్బాయి, "అన్నా, 75 దాటితే హ్యాండిల్ ఊగుతోంది" అంటూ వచ్చాడు. ఎవరో కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, మార్చాలన్నారట. గేజీ పెడితే ముందు టైరులో 25 ఉండాల్సిన గాలి 16 ఉంది. నింపి ఒక రౌండు తిప్పాను, ఊగడం పోయింది. పనిలో పనిగా వెనక టైరు పక్క చూశాను. నాలుగంకెలు, 1417. అంటే 2017లో పద్నాలుగో వారం తయారైన టైరు. గాడి దాదాపు లేదు. మార్చమంటే, "జీతం పడ్డాక మారుస్తా అన్నా" అన్నాడు. అప్పటిదాకా 50 దాటొద్దని చెప్పి పంపించాను.